అప్పు తీరింది, ఊరు మిగిలింది: ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ క్లబ్బు కథ

మెల్‌బోర్న్‌లో పాతకాలం ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) అభిమానులను "ఫిట్జ్‌రాయ్ క్లబ్బు ఏమైంది?" అని అడిగి చూడండి. మూడు రకాల జవాబులు వస్తాయి. 1996లోనే పోయింది అంటారు కొందరు. పోవడమేంటి, బ్రిస్బేన్‌లో కలిసింది, 2024లోనూ 2025లోనూ కప్పు కొట్టింది కదా అంటారు ఇంకొందరు. మూడోవాళ్లేమో, "దానికేమీ కాలేదు, చలికాలంలో శనివారం మధ్యాహ్నం ఎడిన్‌బరో గార్డెన్స్‌కి రండి, ఆడుతూ కనిపిస్తుంది" అంటారు.

ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. చిక్కంతా 'క్లబ్బు' అనే మాటలో ఉంది. ఉమ్మడి కుటుంబం పంపకాలు చేసుకున్నప్పుడు ఇంటిపేరు ఒకరితో పోతుంది, పొలం ఇంకొకరికి వస్తుంది, పాత ఇల్లు ఎవరో ఒకరి వాటాకు మిగులుతుంది. ఆ తర్వాత 'అసలు వంశం ఎవరిది' అని అడిగితే ఏం చెప్తాం? ఫిట్జ్‌రాయ్ విషయంలో అదే జరిగింది. పెద్ద లీగ్‌లో ఆడే హక్కు ఒక దారిన పోయింది. చట్టం దృష్టిలో క్లబ్బు అనే సంస్థ ఇంకో దారిన పోయింది. గ్రౌండు, ఆ పేటలోని మనుషులు ఉన్నచోటే ఉండిపోయారు. ఈ మూడింట్లో రెండు ఎలా మళ్లీ ఒకచోటికి చేరాయన్నదే ఈ వ్యాసం. డబ్బు తీసుకోకుండా ఆడే ఒక పేట జట్టు దగ్గర ఆ కలయిక జరిగింది కాబట్టే ఈ కథంటే నాకు అంత ఇష్టం.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కు మొదటి నియమాలు 1859లో మెల్‌బోర్న్‌లోనే రాసుకున్నారు. జట్టుకు 18 మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద మైదానం, ఎక్కువగా క్రికెట్ గ్రౌండే. చెరో చివర నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒకటే పాయింటు. తన్నిన బంతిని నేల తాకకముందే గాల్లో పట్టుకుంటే ఎవరూ అడ్డం రాకుండా తన్నే అవకాశం ఇస్తారు, అందుకే ఒకరి భుజాల మీదికి ఒకరు ఎగిరి మరీ పట్టుకుంటారు. మన దగ్గర ఊరికో కబడ్డీ జట్టు ఉన్నట్టు అక్కడ పేటకో ఫుటీ జట్టు పుట్టింది. క్లబ్బుల పేర్లన్నీ పేటల పేర్లే: కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, ఫుట్‌స్క్రే, ఫిట్జ్‌రాయ్.

ఫిట్జ్‌రాయ్ మెల్‌బోర్న్ సిటీకి ఆనుకొని ఈశాన్యాన ఉంటుంది. ఇప్పుడు అక్కడ కాఫీ హోటళ్లు, ఖరీదైన ఇళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాత్రం కూలినాలి చేసుకునేవాళ్లు, ఫ్యాక్టరీ కార్మికులు ఇరుకిరుకు ఇళ్లలో బతికిన పేట. 1883లో క్లబ్బు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది అప్పటి పెద్ద పోటీ అయిన విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో చేరారు. 1888లో ఎడిన్‌బరో గార్డెన్స్‌లోని బ్రన్స్‌విక్ స్ట్రీట్ గ్రౌండులో చెక్కతో చక్కటి గ్యాలరీ కట్టారు. అది ఇప్పటికీ నిలబడి ఉంది, తర్వాత దాని దగ్గరికే వస్తాం.

1897లో ఎనిమిది క్లబ్బులు విడిపోయి విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టాయి. వాటిలో ఫిట్జ్‌రాయ్ ఒకటి. 1898లో జరిగిన తొలి గ్రాండ్ ఫైనల్‌లో ఎసెండన్‌ను ఓడించింది ఫిట్జ్‌రాయే. 1899, 1904, 1905, 1913, 1916, 1922, 1944 కలుపుకొని మొత్తం ఎనిమిది ప్రీమియర్‌షిప్‌లు, అంటే లీగ్ కప్పులు. వీటిలో 1916ది మళ్లీ జరగని సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ ఏడాది నాలుగు జట్లే బరిలోకి దిగాయి. లీగ్ దశలో ఫిట్జ్‌రాయ్ గెలిచింది రెండే మ్యాచ్‌లు, పట్టికలో అట్టడుగున నిలిచింది. జట్లే నాలుగు కాబట్టి ఫైనల్స్‌కు అన్నీ వెళ్లాయి. అక్కడ వరసగా గెలిచి కప్పు ఎత్తుకుపోయింది. ఒకే ఏడాది ఆఖరి స్థానమూ మొదటి స్థానమూ రెండూ దానివే.

కప్పుల కన్నా ఆ పేట స్వభావాన్ని చెప్పే మనిషి డగ్ నికల్స్. యోర్టా యోర్టా తెగకు చెందిన ఆదివాసీ. 1927లో కార్ల్‌టన్‌లో ఆడదామని వెళ్తే ఒంటి రంగు కారణంగా చిన్నచూపు చూశారు. ఆయన నార్త్‌కోట్ జట్టుకు వెళ్లి పేరు తెచ్చుకొని, 1932లో ఫిట్జ్‌రాయ్‌కి వచ్చాడు. అక్కడ జట్టులో అందరికన్నా పెద్ద ఆటగాడు హేడన్ బంటన్ ఆయనకు స్నేహితుడై పక్కన నిలబడ్డాడు. ఆట మానేశాక నికల్స్ ఫిట్జ్‌రాయ్‌లోనే గోర్ స్ట్రీట్ చర్చిలో పాస్టరుగా ఆదివాసీ కుటుంబాలకు అండగా ఉన్నాడు. 1972లో నైట్‌హుడ్ అందుకున్నాడు, 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నరయ్యాడు. ఇప్పుడు ఏటా ఏఎఫ్ఎల్ (విక్టోరియన్ లీగ్‌కు ఇప్పటి పేరు, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) జరిపే ఆదివాసీ రౌండుకు ఆయన పేరే పెట్టారు.

బంటన్ పేరు వచ్చింది కాబట్టి డబ్బు సంగతికి వద్దాం. ఈ కథలో అడుగడుగునా తగిలేది అదే.

ఫుటీలో మొదట్లో అందరూ ఉత్తినే ఆడాలన్నది నియమం. చాటుమాటుగా డబ్బులు చేతులు మారుతూనే ఉండేవి. 1911లో లీగ్ దాన్ని ఒప్పుకొని ఆటగాళ్లకు చెల్లింపులు చేయొచ్చు అంది. అప్పటికి లీగ్‌లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ జట్టు కూడా ఉంది, 1908లో చేరింది. వాళ్లు విద్యార్థులు, చదువుకున్నవాళ్లు. డబ్బు తీసుకోం అని గట్టిగా నిలబడ్డారు. మిగతా క్లబ్బులు మంచి ఆటగాళ్లను డబ్బిచ్చి లాక్కుంటుంటే వీళ్లు వరసగా 51 మ్యాచ్‌లు ఓడిపోయి, 1914 చివర్లో లీగ్ నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత అమెచ్యూర్ పోటీల్లోనే ఉండిపోయారు. యూనివర్సిటీ బ్లాక్స్, యూనివర్సిటీ బ్లూస్ అనే పేర్లతో ఇప్పటికీ ఆడుతున్నారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తొంభై ఏళ్ల తర్వాత ఫిట్జ్‌రాయ్‌కి నీడ ఇచ్చింది ఈ చెట్టు కొమ్మే.

ఇక బంటన్. న్యూ సౌత్ వేల్స్‌లోని ఆల్బరీ నుంచి వచ్చిన ఈ కుర్రాడి కోసం క్లబ్బులన్నీ పోటీపడ్డాయి. లీగ్ పెట్టిన పరిమితిని దాటి ఫిట్జ్‌రాయ్ అతనికి డబ్బు ఇచ్చిందని బయటపడటంతో 1930 సీజన్ మొత్తం అతన్ని ఆడనివ్వలేదు. 1931లో మైదానంలోకి దిగి, ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌ను అదే ఏడాది గెలిచాడు. 1932లో మళ్లీ, 1935లో మూడోసారి. ఈ పేట జట్టు నుంచి ఆరుగురు ఆ మెడల్ అందుకున్నారు. అంటే ఫిట్జ్‌రాయ్ ఎప్పుడూ అమాయకపు పేద క్లబ్బేం కాదు. డబ్బు ఆటలో తానూ దిగింది, గెలిచినంతకాలం గెలిచింది. ఆ ఆట పెద్దదైపోయాక తట్టుకోలేకపోయింది. ఈ తేడా చెప్పకుండా ఫిట్జ్‌రాయ్‌ను ఉత్త బాధితురాలిగా చూపించే కథనాలు నాకు సగం నిజంగానే అనిపిస్తాయి.

పతనం ఎక్కడ మొదలైందంటే చాలామంది 1996 అంటారు. నేను 1966 అంటాను. ఆ ఏడాదితో ఫిట్జ్‌రాయ్ బ్రన్స్‌విక్ స్ట్రీట్ గ్రౌండులో లీగ్ మ్యాచ్‌లు ఆడటం ఆగిపోయింది. తర్వాత ముప్పై ఏళ్లు అద్దె ఇళ్లు మారినట్టే గడిచాయి. కార్ల్‌టన్ వాళ్ల ప్రిన్సెస్ పార్క్, సెయింట్ కిల్డాలోని జంక్షన్ ఓవల్, కాలింగ్‌వుడ్ వాళ్ల విక్టోరియా పార్క్, మళ్లీ ప్రిన్సెస్ పార్క్, చివరికి 1994లో ఫుట్‌స్క్రేలోని వెస్టర్న్ ఓవల్. మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో చాలామంది తెలుగువాళ్లు ఉంటారు. అక్కడి నుంచి సిటీకి వెళ్లే రైలు ఈ ఫుట్‌స్క్రే మీదుగానే పోతుంది. ఫిట్జ్‌రాయ్‌కి ఆఖరి సొంతూరనిపించుకున్న గ్రౌండు అక్కడే ఉందని, అసలు ఫిట్జ్‌రాయ్ సిటీకి అవతలి వైపు ఉందని తెలిస్తే ఆ క్లబ్బు ఎంత దూరం తిరగాల్సొచ్చిందో అర్థమవుతుంది. 1991, 92ల్లో కొన్ని మ్యాచ్‌లు సముద్రం దాటి టాస్మానియాలో కూడా ఆడారు.

సొంత గ్రౌండు లేకపోతే ఏమవుతుంది? గేటు డబ్బులు పూర్తిగా చేతికి రావు. క్యాంటీన్, ప్రకటన బోర్డుల ఆదాయం ఇంటివాడిది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. పేటలో పిల్లాడు నడుచుకుంటూ వెళ్లి చూసే ఆట కాకుండా పోతుంది. సరిగ్గా అదే కాలంలో పేట కూడా మారిపోయింది. యుద్ధం తర్వాత ఇటలీ, గ్రీస్ నుంచి వచ్చినవాళ్లు ఫిట్జ్‌రాయ్‌లో స్థిరపడ్డారు. పాత ఇళ్లు కూలగొట్టి ప్రభుత్వం ఇరవై అంతస్తుల హౌసింగ్ టవర్లు కట్టింది. పాత అభిమానుల పిల్లలు దూరంగా ఉన్న కొత్త శివార్లకు వెళ్లిపోయారు. క్లబ్బు ఒక చోట, గ్రౌండు ఒక చోట, అభిమాని ఒక చోట అయిపోయారు.

అయినా ఆట బాగానే ఆడిన రోజులున్నాయి. 1979లో మెల్‌బోర్న్ జట్టును 190 పాయింట్ల తేడాతో ఓడించింది, ఆ లీగ్ చరిత్రలో అంత పెద్ద గెలుపు ఇప్పటికీ ఇంకోటి లేదు. 333 మ్యాచ్‌లు ఆడిన కెవిన్ మరీని అభిమానులు ఇప్పటికీ తమ మనిషిగా చెప్పుకుంటారు. 1986లో ఫైనల్‌కు ఒక్క అడుగు దూరం దాకా వెళ్లింది.

అప్పటికే లీగ్ రూపు మారుతోంది. 1982లో సౌత్ మెల్‌బోర్న్ జట్టు సిడ్నీకి తరలిపోయింది. 1987లో పెర్త్ నుంచి వెస్ట్ కోస్ట్, క్వీన్స్‌లాండ్ నుంచి బ్రిస్బేన్ బేర్స్ వచ్చాయి. 1990లో పేరే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ అయింది. టీవీ హక్కులు, దేశమంతా మార్కెట్. ఒక్క నగరంలోనే పది క్లబ్బులు దేనికి అన్న ప్రశ్న వచ్చింది. 1989లో ఫిట్జ్‌రాయ్‌నీ ఫుట్‌స్క్రేనీ కలిపి 'ఫిట్జ్‌రాయ్ బుల్‌డాగ్స్' చేస్తున్నట్టు ప్రకటించేశారు కూడా. ఫుట్‌స్క్రే జనం చందాలు పోగేసి, కోర్టుకెక్కి ఆ విలీనాన్ని ఆపేశారు. ఫుట్‌స్క్రేకి అప్పుడు సొంత గ్రౌండు ఉంది, దాని చుట్టూ జనం ఉన్నారు. ఫిట్జ్‌రాయ్‌కి మాత్రం ఆ రెండూ చెదిరిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

తర్వాత వచ్చిన అప్పు చాలా దూరం నుంచి వచ్చింది. పసిఫిక్ సముద్రంలో నౌరు అని చిన్న ద్వీప దేశం, ఫాస్ఫేటు గనులతో ఒకప్పుడు బాగా డబ్బు చూసింది. అక్కడి జాతీయ క్రీడ కూడా ఫుటీయే. ఆ దేశపు బీమా సంస్థ ఫిట్జ్‌రాయ్‌కి అప్పిచ్చింది. 12.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల బాకీ తీరలేదని 1996 జూన్ 28న క్లబ్బు మీద అడ్మినిస్ట్రేటర్‌ను, అంటే అప్పుల్లో పడ్డ సంస్థ వ్యవహారాలు చూసే అధికారిని, పెట్టించింది. ఇప్పటి లెక్కల్లో ఒక మంచి ఆటగాడి రెండేళ్ల జీతం కూడా కాదేమో ఆ మొత్తం. దాని కోసం 113 ఏళ్ల క్లబ్బు తలుపులు మూసుకునే పరిస్థితి వచ్చింది.

ఫిట్జ్‌రాయ్ యాజమాన్యం మెల్‌బోర్న్‌లోనే ఉన్న నార్త్ మెల్‌బోర్న్‌తో కలవాలని మాట్లాడుకుంటోంది. విలీనమయ్యే క్లబ్బులకు లీగ్ 60 లక్షల డాలర్లు ఇస్తానని అంతకుముందే చెప్పింది. పోర్ట్ అడిలైడ్ అనే కొత్త జట్టు 1997లో రావడానికి సిద్ధంగా ఉంది, ఒక క్లబ్బు తగ్గితేనే లీగ్‌లో క్లబ్బుల సంఖ్య పదహారు దగ్గర నిలుస్తుంది. అయితే నార్త్ అప్పటికే బలమైన జట్టు. ఫిట్జ్‌రాయ్ ఆటగాళ్లు కూడా వస్తే ఇక పట్టలేమని మిగతా క్లబ్బులు భయపడ్డాయి. జూలై 4న బ్రిస్బేన్ బేర్స్‌తో కలపాలని నిర్ణయం జరిగింది. బ్రిస్బేన్ ఎనిమిది మంది ఫిట్జ్‌రాయ్ ఆటగాళ్లను తీసుకోవచ్చు. సింహం గుర్తు, 'లయన్స్' అన్న పేరు కూడా అటే పోయాయి.

ఆ సీజన్‌లో ఫిట్జ్‌రాయ్ గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. మెల్‌బోర్న్‌లో ఆఖరి మ్యాచ్ ఆగస్టు 25న రిచ్‌మండ్‌తో ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో) జరిగింది, 151 పాయింట్లతో ఓడింది. వారం తర్వాత సెప్టెంబర్ 1న పెర్త్‌లోని సుబియాకోలో ఫ్రీమాంటిల్ చేతిలో ఓడి లీగ్ నుంచి సెలవు తీసుకుంది. చివరి ఆట కూడా సొంత ఊళ్లో కాదు, దేశం అవతలి ఒడ్డున.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నిజానికి అసలు మెలిక ఇక్కడే ఉంది. బ్రిస్బేన్‌లో కలిసింది ఫిట్జ్‌రాయ్ లీగ్ ఆట మాత్రమే. 'ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ క్లబ్ లిమిటెడ్' అన్న సంస్థ కలవలేదు, రద్దు కూడా కాలేదు. బ్రిస్బేన్ కంపెనీ తన పేరును బ్రిస్బేన్ బేర్స్-ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ క్లబ్ అని మార్చుకుంది, అది వేరే సంస్థ. పాత సంస్థ బాకీలు తీరి, 1998లో అడ్మినిస్ట్రేషన్ నుంచి బయటికొచ్చింది. చేతిలో జట్టు లేదు, గ్రౌండు లేదు, ఆడటానికి లీగ్ లేదు. మూసేసి చేతులు దులుపుకోవచ్చు. వాటాదారులు ఆ పని చేయలేదు. 1999 నుంచి కొంతకాలం కోబర్గ్ క్లబ్బుతో జత కలిసి కోబర్గ్-ఫిట్జ్‌రాయ్ పేరుతో విక్టోరియా రాష్ట్ర స్థాయి పోటీలో కనిపించారు. అది నిలబడలేదు.

ఈలోపు బ్రన్స్‌విక్ స్ట్రీట్ గ్రౌండు ఖాళీగా లేదు. అక్కడ యూనివర్సిటీ రెడ్స్ అనే అమెచ్యూర్ జట్టు ఆడుతోంది. 1955లో మొదలైన జట్టు, మెల్‌బోర్న్ యూనివర్సిటీ నేపథ్యం. లీగ్ నుంచి ఫిట్జ్‌రాయ్ పోయాక ఆ పేట పేరు మాసిపోకూడదని తన పేరును ఫిట్జ్‌రాయ్ రెడ్స్‌గా మార్చుకుంది. పాత సంస్థ వీళ్లకు అండగా నిలిచింది. చివరికి రెండూ ఒకటై, 2009లో ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ క్లబ్ అన్న పేరుతోనే విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో డీ1 అనే కింది విభాగంలో బరిలోకి దిగాయి. ఎరుపు, నీలం, పసుపు జెర్సీ. 1888 నాటి ఆ చెక్క గ్యాలరీ ముందు.

డబ్బు తీసుకోమని 1914లో పెద్ద లీగ్ వదిలి వెళ్లినవాళ్ల చదువుల గూటి నుంచి వచ్చిన జట్టు, డబ్బు లేక 1996లో పెద్ద లీగ్ పోగొట్టుకున్న క్లబ్బుకు చోటిచ్చింది. ఇది ఎవరూ పథకం వేసి చేసింది కాదు. ఒకే గ్రౌండు ఇద్దరినీ కలిపింది.

ఈ అమెచ్యూర్ అసోసియేషన్ 1892లో పుట్టింది, అంటే ఇప్పటి పెద్ద లీగ్ కన్నా ఐదేళ్లు పెద్దది. పాత విద్యార్థుల జట్లు, యూనివర్సిటీ జట్లు, పేట జట్లు వేల మంది ఆటగాళ్లతో ఇందులో ఉంటాయి. ఎవరికీ ఆడినందుకు జీతం ఉండదు. వారమంతా ఉద్యోగాలు చేసుకొని, సాయంత్రాలు ప్రాక్టీసుకొచ్చి, శనివారం ఆడతారు. విభాగాలు మెట్లలా ఉంటాయి. బాగా ఆడితే పై మెట్టుకు, ఓడితే కిందికి. ఏఎఫ్ఎల్‌లో ఈ పద్ధతి లేదు, అక్కడ ఎంత ఓడినా మెట్టు దిగరు, డబ్బు లేకపోతే మాత్రం మెట్లే ఉండవు. ఇక్కడ ఒక క్లబ్బు ఎంత ఘోరంగా ఆడినా దిగువన దానికో చోటు ఉంటుంది. ఫిట్జ్‌రాయ్ లాంటి క్లబ్బుకు కావలసింది సరిగ్గా అదే అని నా నమ్మకం. డీ1లో మొదలుపెట్టి, పైనుంచి రెండో మెట్టయిన ప్రీమియర్ బీ దాకా ఎక్కింది.

బ్రిస్బేన్‌తో లెక్క అంత సులువుగా తేలలేదు. 2001, 2002, 2003ల్లో బ్రిస్బేన్ లయన్స్ వరసగా కప్పు గెలిచింది. ఆ మూడు జట్లలోనూ క్రిస్ జాన్సన్ ఉన్నాడు, 1996లో ఫిట్జ్‌రాయ్ నుంచి వెళ్లిన ఎనిమిది మందిలో ఒకడు. జొనాథన్ బ్రౌన్ ఉన్నాడు, వాళ్ల నాన్న ఫిట్జ్‌రాయ్‌కి ఆడాడు కాబట్టే తండ్రీకొడుకుల నియమం కింద బ్రిస్బేన్ అతన్ని తీసుకోగలిగింది. ఫ్రాన్స్ జాతీయ గీతం బాణీలో ఫిట్జ్‌రాయ్ పాడుకున్న పాటే అక్కడా వినిపించింది. ఆ కప్పులను మనసారా తమవనుకున్న పాత అభిమానులు చాలామంది. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. లీగ్ రికార్డుల్లో మాత్రం ఫిట్జ్‌రాయ్ ఎనిమిది కప్పులు వేరు, బ్రిస్బేన్ లయన్స్ కప్పులు వేరు. 1997 నుంచి దాన్ని కొత్త క్లబ్బుగానే లెక్కిస్తారు.

2010 సీజన్ కోసం బ్రిస్బేన్ జెర్సీ మీది పాత సింహాన్ని తీసేసి కొత్త సింహం ముఖం పెట్టింది. 1996 ఒప్పందం ప్రకారం మా సింహాన్ని ఎప్పటికీ వాడాలి అంటూ ఫిట్జ్‌రాయ్ క్లబ్బు విక్టోరియా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అమెచ్యూర్ పోటీలో ఆడుకునే పేట క్లబ్బు, కోట్ల డాలర్ల క్లబ్బు మీద. అదే ఏడాది రాజీ కుదిరింది. 2015లో పాత సింహం మళ్లీ బ్రిస్బేన్ జెర్సీ మీదికి వచ్చింది. చట్టం దృష్టిలో ఫిట్జ్‌రాయ్ బతికే ఉండకపోతే ఈ దావా వేయడానికి మనిషే ఉండేవాడు కాదు. 1998లో ఆ సంస్థను మూసేయకుండా పట్టుకున్నవాళ్ల మొండితనం ఎందుకు పనికొచ్చిందో ఇక్కడ తెలుస్తుంది.

మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు, ఏప్రిల్ నుంచి మొదలయ్యే సీజన్‌లో ఏ శనివారమైనా కాలిన్స్ స్ట్రీట్‌లో 11 నంబరు ట్రామ్ ఎక్కండి. బ్రన్స్‌విక్ స్ట్రీట్ పొడవునా వెళ్లి పార్కు దగ్గర దిగితే చెట్ల మధ్య నుంచి ఆ పాత గ్యాలరీ కనిపిస్తుంది. సొంత గ్రౌండులో మ్యాచ్ ఉన్న రోజైతే రెండు గంటలకు పెద్దల జట్టు దిగుతుంది. దారిన పోయేవాళ్లు కుక్కల గొలుసులు పట్టుకొని కంచె దగ్గర ఆగి చూస్తుంటారు.